గ్లూ స్టిక్‌తో స్టాంపులు అతికించకండి

స్టాంపుల సేకరణ మొదలుపెట్టే పిల్లలు ముందుగా కొనేది గ్లూ స్టిక్. ఆల్బమ్, పట్టకారు, భూతద్దం అన్నీ ఆ తర్వాతే. తపాలా శాఖ 2017లో దీన్‌దయాళ్ స్పర్శ్ యోజన ప్రకటించి, ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా చదివే పిల్లల్లో స్టాంపుల అభిరుచి ఉన్నవాళ్లకి ఏడాదికి 6,000 రూపాయల స్కాలర్‌షిప్పు పెట్టింది. బడుల్లో ఫిలాటలీ క్లబ్బులకు ఊతం దొరికింది. సంతోషించాల్సిన విషయమే. కానీ దాంతోపాటే ఒక తప్పుడు సలహా కూడా ఇంటింటికీ చేరుతోంది: “మీద యాసిడ్-ఫ్రీ అని రాసి ఉంటే చాలు, స్టాంపుకి ఏమీ కాదు. కావాలంటే నీళ్లతో కడిగేసుకోవచ్చు.” ఫోన్లలో తిరిగే క్రాఫ్ట్ వీడియోలు ఇదే చెబుతున్నాయి, స్టేషనరీ దుకాణాల్లోనూ ఇదే మాట. ఈ మాట నమ్మి నింపిన ఆల్బమ్‌లను డీలరు దగ్గరికి తీసుకెళ్తే, ఒక స్టాంపు అంచుని కదిపి చూసి పుస్తకం మూసి తిరిగి ఇచ్చేస్తాడు.

అపోహ: యాసిడ్-ఫ్రీ గ్లూ స్టిక్ స్టాంపులకి సురక్షితం.

వాస్తవం: యాసిడ్-ఫ్రీ అంటే ఆ జిగురులో కాగితాన్ని తినేసే ఆమ్లం లేదని మాత్రమే అర్థం. ఎండిన తర్వాత అది మచ్చ లేకుండా ఊడి వస్తుందని ఆ ముద్ర హామీ ఇవ్వదు. స్టాంపు కాగితంలోకి ఇంకదని కూడా చెప్పదు. 1969లో జర్మనీకి చెందిన హెంకెల్ కంపెనీ ప్రిట్ పేరుతో తొలి గ్లూ స్టిక్‌ని అమ్మకానికి పెట్టింది. లిప్‌స్టిక్ గొట్టం చూసి వచ్చిన ఆలోచన అది. చేతులకి అంటకుండా కాగితాన్ని కాగితానికి గట్టిగా పట్టించడం దాని పని, ఆ పని అది బాగానే చేస్తుంది. సేకర్తకి కావలసింది మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఈ రోజు పేజీలో పెట్టిన స్టాంపు పదేళ్ల తర్వాత కూడా పెట్టినప్పటిలాగే బయటికి రావాలి.

నిజాం ప్రభుత్వం 1931లో తెచ్చిన సీరీస్‌లో ఒక అణా స్టాంపు మీద చార్మినార్ ఉంటుంది. దాన్ని గ్లూ స్టిక్‌తో అతికించి, కొన్నేళ్లు పోయాక పట్టకారుతో ఒక మూల ఎత్తి చూడండి. ముందు అంచున ఉన్న పెర్ఫొరేషన్ పళ్లు ఒకటి రెండు పేజీకే ఉండిపోతాయి. ఇంకాస్త లాగితే కాగితం పొరలుగా చీలిపోతుంది. బొమ్మ ఉన్న పొర చేతికొస్తుంది, వెనక పొర పేజీ మీద తెల్లగా మిగిలిపోతుంది. ఆ స్టాంపుని కిటికీ వెలుతురుకి అడ్డుపెడితే చిరిగిన చోట పల్చగా, మిగతా భాగం కన్నా వెలుగ్గా కనిపిస్తుంది. సేకర్తలు దీన్ని ‘థిన్’ అంటారు. ముందువైపు చార్మినార్ చెక్కుచెదరకుండా ఉన్నా సరే, థిన్ పడిన స్టాంపు తన ధరలో పెద్ద భాగం పోగొట్టుకున్నట్టే.

నీళ్లతో కడిగేసుకోవచ్చన్న మాట ఇంకా ప్రమాదకరం. వాడని స్టాంపుని, అంటే మింట్ స్టాంపుని నీళ్లలో వేస్తే గ్లూ స్టిక్‌తో పాటు తపాలా శాఖ పూసిన అసలు గమ్ కూడా కరిగిపోతుంది. ఒకసారి పోయిన గమ్‌ని తిరిగి తెచ్చే దారి లేదు. కొన్ని స్టాంపుల రంగే నీళ్లకి ఆగదు. 1866లో మొదలైన జమ్మూ కాశ్మీర్ సంస్థానపు తొలి స్టాంపుల్లో చాలావాటిని నీటి రంగులతో ముద్రించారు. బ్రిటన్ 1883–84లో తెచ్చిన లైలాక్, ఆకుపచ్చ స్టాంపులకైతే తడి తగిలితే వెలిసిపోయే సిరాని కావాలనే వాడారు, ముద్ర కడిగి మళ్లీ వాడకుండా ఉండేందుకు. వాటిని గిన్నెలో నానబెడితే రంగు నీళ్లలో కలిసిపోతుంది.

వెనకవైపు ఎలాగూ కనిపించదు కదా అనేవాళ్లకి 1957 నాటి భారతదేశ పటం సీరీస్ సరైన జవాబు. నయా పైసల లెక్క వచ్చిన ఏడాది విడుదలైన ఈ స్టాంపుల కాగితంలో నక్షత్రాల వాటర్‌మార్క్ ఉంటుంది. 1958 నుంచి అదే బొమ్మని అశోక స్తంభ శీర్షం వాటర్‌మార్క్ ఉన్న కాగితం మీద వేశారు. ముందునుంచి చూస్తే రెండూ ఒకటే. ఏది ఏదో తెలియాలంటే వెనక్కి తిప్పి చూడాల్సిందే. పేజీకి అతుక్కుపోయిన స్టాంపుని ఎలా తిప్పి చూస్తారు?

జిగురు తయారీలో తలపండిన తపాలా శాఖలకే ఈ విషయంలో దెబ్బ తగిలింది. 1974 నవంబరులో అమెరికా క్రిస్మస్ కోసం 10 సెంట్ల స్టాంపు ఒకటి తెచ్చింది. జార్జ్ వాషింగ్టన్ నివాసం మౌంట్ వెర్నన్ కప్పు మీద ఉండే పావురం ఆకారపు గాలిసూచి దాని మీది బొమ్మ. తడపక్కర్లేకుండా ఒలిచి అంటించే స్టాంపుగా దాన్ని ప్రయోగాత్మకంగా విడుదల చేశారు. ఏళ్లు గడిచేకొద్దీ వెనక జిగురు కాగితంలోకి ఇంకి ముందువైపు మరకలుగా తేలింది. ఎవరూ వాడకుండా దాచుకున్నవి కూడా రంగు మారాయి. తపాలా శాఖ ఏరికోరి వాడిన జిగురే ఇంత పని చేస్తే, బడి సామాన్ల జిగురు మీద ఏ ధైర్యంతో నమ్మకం పెట్టుకోవాలి?

అతికించడం వల్ల జరిగే నష్టం సేకరణ మొదలైన నాటి నుంచీ తెలిసిందే. 1862లో పారిస్‌లో జస్టిన్ లాలియే ప్రచురించిన ఆల్బమ్‌లో గడులు మరీ చిన్నవి. గడిలో పట్టడం కోసం జనం అరుదైన స్టాంపుల అంచులు కత్తిరించారు. ఆ కాలంలో వెనక జిగురు రాసి నేరుగా అంటించడమే అలవాటు. అలా పాడైన తొలినాటి స్టాంపులు లెక్కలేనన్ని. ఆ అనుభవం నుంచే, స్టాంపుని నేరుగా అతికించకుండా పేజీలో నిలిపే హింజులు, మౌంట్లు పుట్టాయి. 160 ఏళ్ల కిందటి తప్పుని పిల్లల చేత మళ్లీ చేయించనక్కర్లేదు.

మిగతా అపోహలకి ఇంత చోటు అవసరం లేదు.

ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు గట్టిగా ఉంటుంది కాబట్టి మంచిది: 1959లో వడ్రంగుల కోసం వచ్చిన జిగురు అది. ఎండాక నీళ్లలో మెత్తబడుతుంది గాని కరగదు. స్టాంపుల దగ్గరికి రానివ్వకండి.

ఇంట్లో ఉడికించిన మైదా జిగురు సహజమైనది, హాని చేయదు: బొద్దింకలకి, కాగితం తినే పురుగులకి అది తిండి. వానాకాలంలో బూజు పడుతుంది.

సెల్లోటేపు ముక్కని మడిచి వెనక పెడితే చాలు: టేపులోని జిగురు ముదిరి పసుపెక్కి కాగితం అవతలి వైపు దాకా దిగుతుంది. టేపు ఊడినా మరక పోదు, నీళ్లకి అసలే లొంగదు.

ఫొటోలు పెట్టుకునే జిగురు పేజీల ఆల్బమ్ సరిపోతుంది: సరిపోదు. ఆ జిగురు చారలు స్టాంపు వెనక దిగుతాయి. పైన కప్పే ప్లాస్టిక్ పీవీసీ అయితే దానిలోంచి ఊరే రసాయనాలు రంగుల్ని కూడా పాడుచేస్తాయి.

టాల్కం పౌడరు చల్లితే మింట్ స్టాంపులు అతుక్కోవు: పౌడరు గమ్‌లో పట్టేసి దాని మెరుపుని చంపుతుంది.

ఇక హింజ్ పెడితే స్టాంపు విలువ పోతుందన్న మాట. దీన్ని పూర్తిగా కొట్టిపారేయడానికి లేదు. హింజ్ అంటే ఒకవైపు పల్చగా గమ్ పూసిన చిన్న గ్లాసిన్ కాగితం ముక్క. దాన్ని తీసేశాక కూడా మింట్ స్టాంపు గమ్ మీద ఆనవాలు మిగులుతుంది. అమెరికా 1918లో అచ్చువేసిన 24 సెంట్ల విమానం స్టాంపులో 100 ప్రతుల మీద విమానం తలకిందులుగా పడింది. సేకర్తలు ఇన్వర్టెడ్ జెన్నీ అని పిలిచే ఈ స్టాంపుల్లో, షీటులో 49వ స్థానంలో ఉన్న ప్రతికి ఎన్నడూ హింజ్ తగల్లేదు. 2023 నవంబరులో అది 20 లక్షల డాలర్లు దాటి అమ్ముడుపోయింది. కాబట్టి మింట్ స్టాంపుల వరకు ఈ మాట ఒప్పుకోవాల్సిందే. వాడేసిన స్టాంపులకి మాత్రం దీన్ని అంటగట్టకూడదు. వాటి గమ్ ఎప్పుడో కవరు మీదే పోయింది. మంచి హింజ్ వల్ల వాటికి నష్టమేమీ లేదు.

అందుకే వాడిన స్టాంపుకి హింజ్, మింట్ స్టాంపుకి మౌంటు. మౌంటు రెండు పొరల ప్లాస్టిక్ సంచి లాంటిది. జిగురు దాని వెనకవైపే ఉంటుంది, స్టాంపుని తాకదు. హింజ్‌లో మూడో వంతు మడిచి, నాలుకతో కాకుండా తడి స్పాంజితో కొద్దిగా తడిపి, స్టాంపు పై అంచు పెర్ఫొరేషన్‌కి కాస్త కిందుగా పెట్టాలి. మిగతా భాగం పేజీకి అంటించాలి. మార్చాలనిపిస్తే పూర్తిగా ఆరాకే ఒలవాలి, తడిగా ఉండగా లాగితే థిన్ పడుతుంది. తొలిరోజు కవర్లకి, మినియేచర్ షీట్లకి నాలుగు మూలలా పాలిస్టర్ కార్నర్లు చాలు. 2011లో ఖాదీ బట్ట మీద అచ్చయిన గాంధీ స్టాంపుకైతే ఏ జిగురూ తగలనివ్వకుండా మౌంటులోనే ఉంచాలి. విశాఖ, మచిలీపట్నం లాంటి తీర పట్టణాల్లో గాలిలోని తేమకే మింట్ గమ్ మెత్తబడుతుంది. ఆల్బమ్‌లని ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలువుగా, వదులుగా పెట్టి, పక్కన సిలికా జెల్ పొట్లాలు ఉంచండి.

ఇప్పటికే గ్లూ స్టిక్‌తో అతికించేసి ఉంటే పీకే ప్రయత్నం చేయకండి. స్టాంపు చుట్టూ కొంత జాగా వదిలి పేజీ కాగితాన్ని కత్తిరించి తీయండి. వాడిన మామూలు స్టాంపు అయితే మామూలు నీళ్లలో తేలేలా వేసి, దానంతట అది విడిపోయే దాకా ఆగి, బ్లాటింగ్ పేపరు మధ్య ఆరబెట్టండి. మింట్ స్టాంపు గాని, సంస్థానాల స్టాంపు గాని అయితే ఆ కాగితంతోనే ఉంచి తెలిసినవాళ్లకి చూపించండి.

తల్లిదండ్రులకి, క్లబ్బులు నడిపే మాస్టర్లకి ఒక్క విన్నపం. పిల్లల సామాన్ల జాబితాలో గ్లూ స్టిక్ కొట్టేసి, జిగురు లేకుండా స్టాంపులు దోపుకునే స్టాక్‌బుక్ ఒకటి, హింజుల ప్యాకెట్ ఒకటి రాయండి. అవి దొరికే దాకా స్టాంపుల్ని శుభ్రమైన కాగితపు కవరులో వదులుగా దాచమనండి. పేజీ నింపడానికి తొందరేమీ లేదు.