ఆకాశపు కొలత - ఇంటి హద్దు

సూదిమొన మోపినంత భూమినైనను పాండవులకు ఈయనన్న దుర్యోధనుని మాట మనమందఱము పురాణములలో వినినదే. అది రాజుల తగవని తలంతుము గాని, మూరెడు సందుకొఱకు, జానెడు అరుగుకొఱకు, పెరటి గోడకొఱకు మాటలు మానుకొనిన యిండ్లు లేని యూరు మనలో అరుదు. ఆ తగవులలో గెలుపోటములు పురుషులవైనను, నిత్యము ఆ గోడకు ఈవలను ఆవలను బ్రతుకవలసినవారు స్త్రీలు. కావున భూమిని కొలుచు క్రొత్త విధానమొకటి మన యూళ్లకు వచ్చినపుడు, అది మగవారి పనియని మనము తలుపు వేసికొని లోపల నుండరాదని మా యభిప్రాయము.

కొంతకాలము క్రిందట మా యూరిమీద డ్రోను ఎగిరినది. బడిపిల్లలు వేయి ప్రశ్నలు వేయగా, మా యింటివారు వారికి సమాధానము చెప్పుటకై రెండు మూడు రాత్రులు పుస్తకములు తిరుగవేసిరి. మేమును ప్రక్కన గూర్చుండి, తెలియనిచోట మరల మరల అడిగి, గ్రహించినంతవఱకు సోదరీమణుల కొఱకు ఇచట వ్రాయుచున్నాము.

కొలతకు వచ్చిన డ్రోను సాధారణముగా 120 మీటర్లకు మించని యెత్తున, పొలము దున్నువాడు చాలుప్రక్క చాలు తీసినట్లు, ఇటునుండి అటు, అటునుండి యిటు తిన్నగా ఎగురును. ఎగురుచు క్రిందికి చూచుచు ఛాయాపటములు తీయును. ఒక పటములో కనబడినది తరువాతి పటములో నూటికి డెబ్బది యెనుబది పాళ్లు మరల కనబడునట్లు తీయుదురు. ఒకే యింటి మూల అనేక పటములలో వేర్వేఱు దిక్కులనుండి కనబడును. మన రెండు కన్నులును రెండు చోట్లనుండి చూచుటచే దూరము తెలియునట్లే, కంప్యూటరు ఆ పటములన్నిటిని పోల్చి యూరి చిత్రమును ఒక్కటిగా కూర్చును.

కాని పటము ఎంత అందముగా నున్నను, అది భూమిమీద సరిగా ఎచ్చట నిలుచునో తెలియనిచో అది బొమ్మయే గాని కొలత గాదు. పటము తీసిన క్షణమున డ్రోను ఎచ్చట నున్నదో తెలియవలయును. దానిని తెలుపునవి ఉపగ్రహములు. జీ.పీ.యస్. ఉపగ్రహములు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగుచున్నవి. ఒక్కొక్కదానిలో అతి సూక్ష్మమైన పరమాణు గడియారము గలదు. సంకేతము బయలుదేరిన వేళకును చేరిన వేళకును గల భేదమునుబట్టి దూరము లెక్కింతురు. కనీసము నాలుగు ఉపగ్రహముల దూరములు తెలిసిన, మనమున్న చోటు తెలియును. సంకేతము వెలుతురు వేగముతో, అనగా సెకనుకు సుమారు మూడు లక్షల కిలోమీటర్ల వేగముతో వచ్చును. కాలములో సెకనునందలి నూఱుకోట్లవ వంతు తప్పినచో దూరములో ఒక అడుగు తప్పును! అదిగాక పై వాయుమండలము ఆ సంకేతమును కొంత ఆలస్యము చేయును. అందుచే మన చేతిలోని ఫోను చూపు చోటు బయటనున్నపుడు కూడ కొన్ని మీటర్లు అటునిటు నుండును. వీధి కనుగొనుటకు అది చాలును గాని గోడ కనుగొనుటకు చాలదు.

ఈ తప్పును దిద్దు ఉపాయము మనవంటి గృహిణులకు సులభముగ బోధపడును. మన మెడలోని గొలుసు బరువు నిశ్చయముగ మనకు తెలియుననుకొందము. ఒక కొట్టులోని త్రాసులో దానిని వేసినపుడు గురిగింజయెత్తు ఎక్కువ చూపినదనుకొందము. తప్పు గొలుసుది కాదు, త్రాసుది. అదే సమయమున అదే త్రాసులో తన గొలుసు తూచుకొనుచున్న పొరుగు వనితకు, "గురిగింజయెత్తు తగ్గించి లెక్క చూచుకొనుము" అని మనము చెప్పగలము. భూమిమీద నొకచోట కదలని స్తంభముపై ఒక గ్రాహకయంత్రమును నిలుపుదురు. దాని చోటు ముందే నిశ్చయముగ తెలియును. ఉపగ్రహములు దానికి వేఱుచోటు చూపినచో, ఆ భేదమే ఆ వేళ తప్పు. చేరువలో నెగురుచున్న డ్రోనుకును ఇంచుమించు అదే తప్పు వచ్చును గావున, దానిని తీసివేయుదురు. అంతేగాక ఆ సంకేతమును మోసికొనివచ్చు అలను గూడ లెక్కింతురు. ఆ యలలో నొకదాని నిడివి సుమారు 19 సెంటీమీటర్లు మాత్రమే. అందులో ఎన్నవ భాగమున నున్నామో తెలిసినచో కొలత రెండు మూడు సెంటీమీటర్లకు, అనగా రెండు వ్రేళ్ల వెడల్పునకు, దిగును. ఈ దిద్దుబాటు ఎగురుచుండగనే జరిగిన ఆర్.టి.కె. యనియు, దిగిన పిమ్మట లెక్కలు చూచి దిద్దిన పి.పి.కె. యనియు పిలుతురు. సర్వే ఆఫ్ ఇండియావారు ఇట్టి స్థిరకేంద్రములను దేశమున ననేకచోట్ల నెలకొల్పిరి.

ఉపాయము క్రొత్తదిగా తోచినను దాని మూలము పాతదే. 1802 ఏప్రిలు 10వ తేదీన విలియం లాంబ్టన్ అను దొర చెన్నపట్టణము చేరువ, పరంగిమల దాపున, ఏడున్నర మైళ్ల రేఖను ఉక్కుగొలుసుతో కొలువ మొదలిడెను. ఆ యొక్క రేఖకు 57 దినములు పట్టెను. దానిపై త్రిభుజములు కట్టుచు దేశమును కొలుచుకొని పోయెను. ఆయన కోణములు చూచు థియొడొలైటు యంత్రము అరటన్ను బరువు. దానిని 1808లో తంజావూరి గోపురముమీది కెక్కించుచుండగా అది దెబ్బతినెను. ఆయన దానిని తానే బాగుచేసికొని పనిని కొనసాగించి, 1823లో ఆ పనిమీదనే యుండి మరణించెను. నేలమీద నొక్కటి నిశ్చయముగ తెలిసినగాని తక్కినవి నిలువవని ఆ నాటివారెఱుగుదురు. నేడు గోపురము బదులు డ్రోను, సూత్రము అదియే.

ఇందును జాగ్రత్తలు గలవు. డ్రోను సెకనుకు పది మీటర్లు పోవుచుండగా, పటము తీసిన వేళను వ్రాసికొనుటలో సెకనులో నూఱవవంతు తప్పినను పది సెంటీమీటర్లు తప్పును. కావున నేలమీద కొన్ని గుర్తులనుంచి, వాని చోటులను వేఱుగా కొలిచి, పటములోని చోటుతో సరిచూతురు. సరిచూడని కొలతను నమ్మరాదు.

2020 ఏప్రిలు 24వ తేదీన కేంద్రప్రభుత్వము "స్వామిత్వ" పథకమును ఆరంభించినది. మొదట చేపట్టిన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ మొకటి. ఊరిలోని యిండ్ల స్థలములను డ్రోనుతో కొలిచి, ఎవరి స్థలమునకు వారికి పత్రమిచ్చుట దాని యుద్దేశము. పాత లెక్కలలో గ్రామకంఠమంతయు ఒక్కటిగా నుండుటే గాని, ఇంటింటికి హద్దు వ్రాసియుండుట అరుదు. పొలములు మొదలగు భూములను మరల కొలుచు పనిని ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2020 డిసెంబరు 21వ తేదీన జగ్గయ్యపేట దాపుననున్న తక్కెళ్లపాటిలో ఆరంభించెను. ఇండ్ల కొలతకు ముందు హద్దులవెంట సున్నపు గీతలు వేయుదురు. ఆకాశమునుండి డ్రోనునకు కనబడుటకై మన ముంగిట ముగ్గువలె ఆ గీత నిలుచును.

అసలు విషయ మిచటనే యున్నది. మా పొరుగింటి పిన్నిగారు భర్త పోయినపిదప ఒంటరిగా కాపురమున్నారు. గీతలు వేసిననాడు ఆమె కుమార్తె పురిటికి వెళ్లియుండిరి. ఆమె బావగారి కుమారులు దగ్గఱనుండి గీత వేయించిరి. తెలియక చేసిరో, తెలిసియే చేసిరో మేము చెప్పజాలము; పెరటిలోని నుయ్యి వారివైపు పోయినది. డ్రోను ఆ గీతను రెండు వ్రేళ్లు తేడా లేకుండ కొలిచినది! ముసాయిదా పటము గ్రామ సచివాలయమున పెట్టినపుడు పిన్నిగారు, "ఆకాశమునుండి చూచినది గదమ్మా, తప్పెట్లుండును?" అని యూరకుండిరి. మేము బలవంతముగ తోడ్కొనిపోయి చూపగా, తాము కాపురమునకు వచ్చిననాటినుండి నీరు తోడుకొన్న నుయ్యి తమ గీతకు ఆవల నుండుట చూచి కూలబడిరి.

అభ్యంతరము వ్రాసి యిచ్చితిమి. సర్వేయరు వచ్చిన దినమున వేపచెట్టు క్రింది ఆకులలము త్రవ్వగా పాత హద్దురాయి బయటపడినది. చెట్టుక్రింద నున్నదానిని డ్రోను చూడలేదు. చూరు క్రింది గోడనుగూడ అది చూడలేదు, చూరునే చూచును. సర్వేయరు ఉపగ్రహ సంకేతముల నందుకొను కోలయంత్రమును ఆ రాతిదగ్గఱ నిలిపి కొలువగా, గీత రెండు మూరలు ఇవతలకు జరిగియున్నదని తేలినది. ఊరి పెద్దలిద్దఱు సాక్ష్యము చెప్పిరి. నుయ్యి మరల పిన్నిగారికి వచ్చినది. పిమ్మట పేరుల పట్టిక చదివి చూడగా అందు ఆమె భర్త పేరే యున్నది. నలువదియేండ్లు ఆ యింట దీపము పెట్టిన యామె పేరు ఎచ్చటను లేదు! దానిని మార్పించుటకు మఱి కొన్నిమార్లు తిరుగవలసివచ్చినది. తుద కామె పేరును, కుమార్తె పేరును వ్రాసిరి.

సోదరీమణులారా! యంత్రము అబద్ధమాడదు, కాని మనము గీచిన గీతనే నిజమని కొలుచును. ఎవరి గోడయో, ఎవరి నుయ్యియో అది యెఱుగదు. కావున మీ యూరికి కొలత వచ్చునని దండోరా విన్నపుడు, సున్నము వేయునాడు మీరే ముంగిట నిలువుడు. హద్దురాళ్లమీది చెత్త తీయించి, పాత దస్తావేజులు దగ్గఱ నుంచుకొనుడు. ముసాయిదా పటము పెట్టినపుడు స్వయముగ చూడుడు. చదువురానివారికి చదివి చెప్పుడు. అభ్యంతరమును గడువులోపల వ్రాసి యిచ్చి, అందినట్లు చీటి తీసికొనుడు. పేరుల గడిలో మీ పేరున్నదో లేదో చూచుకొనుడు. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానమైన భాగము మన రాష్ట్రమున 1986 నాటి చట్టసవరణ వలనను, దేశమంతట 2005 నాటి సవరణ వలనను కలిగినది. ఆ హక్కు కాగితముమీదికి రావలయునన్న, కాగితము వ్రాయుచోట మనముండవలయును.

నేడును పిన్నిగారు తెల్లవారుజామున ఆ నూతి గట్టున కళ్లాపి చల్లి ముగ్గు వేయుదురు. ఆవలి యింటి కోడలు చేద తీసికొని నీటికి వచ్చును. హద్దు తేలినను నీరు కాదనలేదు. గీత సరిగా నున్నచోటనే పొరుగుతనము చక్కగా నుండునని మాకు తోచుచున్నది.