మెడనొప్పియు మనోవ్యథయు

సిద్దిపేట ప్రాంతమున సేద్యముతోపాటు చేనేతయు, బీడీల పనియు పెక్కు కుటుంబములకు జీవనాధారములు. నేటికిని గొల్లభామ చీర నేయు కొలదిమంది గుంటమగ్గముపై వంగి పని చేయుదురు. బీడీలు చేయు స్త్రీ చాటను ఒడిలో నుంచుకొని, తల వంచి, దినమంతయు తునికాకు చుట్టుచుండును. మెడ, భుజములు, నడుము నొప్పియని వీరు చెప్పుకొనుట సభ్యులు ఎరిగినదే. మాత్ర మింగినచో రెండు దినములు తగ్గి మరల వచ్చును.

దీనికి కూర్చుండు తీరొక్కటియే కారణమని మేము తలంపము. అప్పు, కూతురి పెండ్లి, ఎండిన బోరు, వీనిని గూర్చిన దిగులుచే గుండె వడిగా కొట్టుకొనును, శ్వాస పైపైనే ఆడును, కండరములు బిగియును. పాము ఎదురైనప్పుడు ఈ బిగింపు మేలే చేయును. పాము పోగానే సడలును. అప్పు మాత్రము ఏండ్ల తరబడి ఎదుటనే యుండును. నొప్పివలన నిద్ర చెడును, నిద్రలేమివలన దిగులు హెచ్చును. కనుక దేహమును, మనస్సును విడదీసి చేయు చికిత్సకు ఫలము కొంతయే.

అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జేకబ్‌సన్ 1929లో ప్రకటించిన గ్రంథమున కండరములను క్రమముగా సడలించు పద్ధతిని వివరించెను. నేడు దానిని ఇట్లు నేర్పుదురు: పిడికిలిని కొన్ని క్షణములు బిగించి, వదలి, ఆ భేదమును గమనించవలెను, పిదప భుజములు, ముఖము, కాళ్లు. హఠయోగ ప్రదీపికలోని శవాసనమునకును ఉద్దేశము ఇట్టిదే. కన్నులు మూసిన భయపడువారు తెరచియే చేయవచ్చును.

అయితే ఆసనము అప్పు తీర్చదు. దేహము సడలిన పిమ్మట మనస్సులోని మాట చెప్పుట కొంత సులభమగును. అప్పుడు తొందరపడక వినవలెను. ధైర్యముగా ఉండుమని పంపివేయుట వినుట కాదు. నిలిచిపోయిన పింఛను వంటి చిక్కును పంచాయతీయే పూనుకొని తీర్పించవలెను.

సాయంకాలము అరగంట ఈ అభ్యాసమును పాఠశాలలో అందరు కలసి చేయవచ్చును. మాటలు మాత్రము ఏకాంతమున జరుగవలెను. అప్పిచ్చినవాడును అక్కడికే వచ్చునుగదా! స్త్రీల మాటలను ఆశా కార్యకర్త వినుట మేలు. విన్నది బయట పెట్టరాదు.

ఛాతీనొప్పి, కాలుచేతుల తిమ్మిరి, జ్వరముతో కూడిన నొప్పి ఉన్నచో ముందు వైద్యునికి చూపవలెను. బ్రతుకుపై ఆశ లేదనువారిని ఒంటరిగా విడువరాదు. పురుగుమందు వారికి అందకుండ తీసివేయవలెను. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యపై ఏ వేళనైనను ఉచితముగా, తెలుగులోనే మాటాడవచ్చును. ఆ సంఖ్యను పంచాయతీ కార్యాలయపు గోడపైననే కాక, ఎరువుల దుకాణము వద్దను వ్రాయించవలెను.