శబ్దగ్రహణమున శిఖరచ్ఛేదము

గుంటూరుమండలమందలి పొన్నెకల్లున జనించిన షేక్ నాజరు (1920–1997) వంటివారిచేఁ బ్రసిద్ధి కెక్కిన బుఱ్ఱకథయందు వచనము మెల్లగా నడచుచుండఁగా, వీరరసఘట్టమునఁ గథకుని కేకయు గుమ్మెటల మ్రోఁతయు నొక్కసారిగా మిన్నుముట్టును. డిజిటల్ యంత్రమున దానిని గ్రహించునపుడు ధ్వనితరంగము గరిష్ఠపరిమితిని దాఁటెనేని, శిఖరము తెగి చదునై, పరుషమగు రొద పుట్టును. దీనిని క్లిప్పింగందురు. వ్యాకరణమున లోపించిన వర్ణమును సూత్రబలమున నెఱుఁగవచ్చును. తెగిన శిఖరమును యథాతథముగాఁ దెచ్చు సూత్రము లేదు.

ధ్వని యెత్తును సంఖ్యగా వ్రాయు బిట్టులను హెచ్చించినఁ బరిమితి పైకి జరుగునని కొందఱి తలంపు. అది సరి కాదు. పైకప్పు కదలదు, నేల, అనఁగా నల్పధ్వనిని మ్రింగు రొదమట్టము, క్రిందికి దిగును. 16 బిట్టులయందు 65,536 మెట్లును, సుమారు 96 డెసిబెల్‌ల వ్యాప్తియుఁ గలవు. 24 బిట్టులయందు 1,67,77,216 మెట్లును, సిద్ధాంతమున 144 డెసిబెల్‌లును గలవు. కావున 24 బిట్టులయందుఁ గేకకై 12 డెసిబెల్‌లు విడిచినను రెండు బిట్టులే వ్యయమై 22 మిగులును. మెల్లని మాట మునుఁగదు.

ఐనను మైక్రోఫోనునందో, యాంప్లిఫయరునందో ముందే తెగిన ధ్వనికి బిట్టులు శరణము గావు. వృద్ధకథకుని గానము మరల లభింపకపోవచ్చును. అందుచే మిక్కిలి బిగ్గఱ ఘట్టమును ముందుగాఁ బాడించి, దానినిఁబట్టి గ్రహణస్థాయిని నిర్ణయింపవలయును.