ఎవరి గది తాళం వాళ్లకే

2017 మే నెలలో ప్రపంచాన్ని కుదిపేసిన వానాక్రై వైరస్ మన చిత్తూరు జిల్లా పోలీసు కంప్యూటర్లనూ వదల్లేదు. కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాలతో కలిపి 18 పోలీసు విభాగాల్లో కంప్యూటర్లు దెబ్బతిన్నాయని అప్పట్లో వార్తలొచ్చాయి. దాన్ని అడ్డుకునే విండోస్ అప్‌డేట్ మార్చి 14నే విడుదలైంది. వేసుకోని చోట ఆ వైరస్ ఎవరూ ఏమీ నొక్కకుండానే పక్క కంప్యూటర్‌కి పాకింది. మధ్యలో గోడల్లేని నెట్‌వర్క్‌లో దాన్ని ఆపేదేముంది?

ఆ గోడలు కట్టడమే నా ఉద్యోగం. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల కాలేజీలకు, ఆసుపత్రులకు ఫైర్‌వాల్‌లు అమరుస్తాను. ఒక కాలేజీలో అకౌంట్స్ ఆఫీసు, ల్యాబ్, హాస్టల్ వైఫై ఉంటాయి. ఈ మూడింటికీ మూడు ఫైర్‌వాల్ పెట్టెలు కొననక్కర్లేదు. ఒకే పెట్టెను లోపల విడివిడి ఫైర్‌వాల్‌లుగా పంచవచ్చు. ఫోర్టిగేట్ పెట్టెల్లో వీటిని వీడామ్‌లంటారు, సిస్కో ఏఎస్‌ఏ పెట్టెల్లో కాంటెక్స్ట్‌లంటారు. దేని నియమాలు దానివి, దేని దారులు దానివి. తిరుపతి సత్రంలో ఒకే కప్పు కింద ఏ కుటుంబం గది ఆ కుటుంబానికి ఉన్నట్టే.

అయితే చాలామంది గదులు కట్టి అక్కడితో ఆగిపోతారు. అందరూ ఒకే 'అడ్మిన్' పేరుతో, ఒకే పాస్‌వర్డ్‌తో లోపలికొస్తారు. హాస్టల్ వైఫై చూసే కుర్రాడు అకౌంట్స్ ఆఫీసు నియమాలు కూడా మార్చగలడు. అతని పాస్‌వర్డ్ ఎవరైనా దొంగిలిస్తే ఆ దొంగా మార్చగలడు. అలాంటప్పుడు గోడలున్నా లేనట్టే.

అందుకే ముందుగా ఆ కుర్రాడి పేరుతోనే ఒక ఖాతా తెరుస్తాను. దాన్ని హాస్టల్ వీడామ్‌కే కట్టేస్తాను. ఏవి చూడొచ్చు, ఏవి మార్చొచ్చు, ఏవి కంటికే కనపడకూడదన్నది ప్రొఫైల్‌లో రాస్తాను. అతని సీట్లోని కంప్యూటర్ ఐపీ అడ్రస్ నుంచి తప్ప లాగిన్ కుదరనివ్వను. రెండో మెట్టుగా ఫోన్‌కి వచ్చే కోడ్ పెడతాను. ఇక్కడ కొత్తవాళ్లు తికమకపడే సంగతొకటుంది: ఇలాంటి అడ్మిన్ తన వీడామ్‌కి చెందిన పోర్టు గుండానే లోపలికి రాగలడు. ఆ పోర్టులో మేనేజ్‌మెంట్ అనుమతి ఇవ్వకపోతే పాస్‌వర్డ్ సరైనదైనా తలుపు తెరుచుకోదు. ఇంటర్నెట్ వైపు పోర్టులో మాత్రం ఆ అనుమతి ఎప్పటికీ ఇవ్వకూడదు. అన్నీ అయ్యాక అతని ఖాతాతో లాగిన్ చేయించి, మిగతా వీడామ్‌ల పేర్లయినా కనిపిస్తున్నాయేమో చూస్తాను. కనిపించకూడదు.

పెట్టె మొత్తానికీ అప్‌డేట్ వేయడం, కొత్త వీడామ్ సృష్టించడం సూపర్ అడ్మిన్ పని. ఆ అధికారం ఇద్దరికి చాలు.

"మావాడు నమ్మకస్తుడు మేడం, అంతా ఇచ్చేయండి" అంటారు యజమానులు. నమ్మకస్తుడు కాబట్టే ఇవ్వొద్దంటాను. రేపు ఏదైనా జరిగితే, ఎవరేం చేశారో పెట్టె నమోదుచేసే లాగ్‌లో 'అడ్మిన్' అనే ఒక్క మాటే ఉంటే నింద మొదట పడేది అతని మీదే. ఎవరి ఖాతా వారికుంటే తప్పు చేయనివాడు బయటపడతాడు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడిని గుర్తించిన 6 గంటల్లోగా ఆ సంస్థకు తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. ఎవరు చేశారో చెప్పని లాగ్‌ను ఎన్నాళ్లు దాచినా ఉపయోగమేముంది?

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఎన్ని వీడామ్‌లు చేసినా పెట్టె ఒక్కటే. దాని సాఫ్ట్‌వేర్‌లో లోపముంటే అన్ని గదులకూ ముప్పే, అది కాలిపోతే అన్నీ ఆగిపోతాయి. అందుకే ఆసుపత్రిలో ఐసీయూ పరికరాలకు మాత్రం విడిగా పెట్టె కొనమనే నా సలహా. ఖర్చైనా సరే.

మీ ఆఫీసు ఫైర్‌వాల్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఎంతమందికి తెలుసో ఈ వారమే అడగండి. ఇద్దరిని మించితే వెంటనే మార్పించి, ఎవరి ఖాతా వాళ్లకు ఇప్పించండి.