వాషింగ్టన్ ఏ రాష్ట్రమునకును చెందదేల?

బాలలారా! అమెరికా పటమున వాషింగ్టన్ నగరమును వెదకి చూడుడు. అది యే రాష్ట్రములోనిదియు కాదు. ఏల? 1783 జూన్ మాసమున, జీతపు బాకీలు ముట్టని సైనికులు ఫిలడెల్ఫియాలో దేశ ప్రతినిధిసభయగు కాంగ్రెసు కొలువుదీరిన భవనమును చుట్టుముట్టగా, రక్షింపుమని వేడినను పెన్సిల్వేనియా ప్రభుత్వము తన సేనను పంపకపోవుటచే, సభ్యులు నగరము విడిచి ప్రిన్స్‌టన్ చేరవలసివచ్చెను. పరుల దయపై నిలిచిన ప్రభుత్వమునకు స్థైర్యమెక్కడిది? కావున రాజధానికి ప్రత్యేక స్థలముండవచ్చునని రాజ్యాంగమున వ్రాసికొనిరి.

ఉత్తర దక్షిణ రాష్ట్రముల బేరసారముల పిమ్మట, 1790లో పొటోమాక్ నదీతీరము నిశ్చయమయ్యెను. ప్రక్కకు 10 మైళ్ల చొప్పున చతురస్రము కొలిచి, మైలుకొకటిగా 40 హద్దురాళ్లు పాతిరి. మన పొలిమేర రాళ్లవంటివే యవి: ఒక ముఖమున సంయుక్త రాష్ట్రముల అధికారసీమ యనియు, వేరొక ముఖమున పొరుగు రాష్ట్రపు పేరును చెక్కించిరి, వానిలో పెక్కు నేటికిని నిలిచియున్నవి. ఆ కొలతల ఆరంభమున, నక్షత్రములను పరిశీలించి తోడ్పడినవాడు బెంజమిన్ బెనెకర్ అను నల్లజాతి ఖగోళజ్ఞుడు. ఆయన పేరు మీరు మరువరాదు.

1800లో ప్రభుత్వమచ్చటికి తరలెను. 1814లో ఆంగ్లసేనలు నగరమును తగులబెట్టగా, మరల కట్టుకొనిరి. వర్జీనియా యిచ్చిన నదికావలి భాగము 1846లో ఆ రాష్ట్రమునకే తిరిగిపోయెను. వాషింగ్టన్ పౌరులకు 1961లో అధ్యక్షుని ఎన్నుకొను హక్కు లభించినను, కాంగ్రెసున ఓటుగల ప్రతినిధి నేటికిని లేడు; అది తీరవలసిన లోటే.