ఇంజను మానిఫోల్డు గాస్కెట్లు

మోటారు ఇంజనుకు మనవలెనే ఉచ్ఛ్వాస నిశ్వాసములు కలవు. లోనికి పోవు గాలిని సిలిండర్లకు పంచు గొట్టముల సముదాయమును ఇన్‌లెట్ మానిఫోల్డు అనియు, మండిన వాయువులను పోగుచేసి సైలెన్సరు వైపునకు పంపుదానిని ఎగ్జాస్టు మానిఫోల్డు అనియు అందురు. ఈ రెండును సిలిండరు హెడ్డునకు బిగింపబడి యుండును.

లోహపు తలములను ఎంత నున్నగా చెక్కినను వాటిపై కంటికి కానరాని మిట్టపల్లములు మిగులును. ఆ సందులను పూడ్చునదే గాస్కెట్టు. మెకానిక్కులు దీనిని ప్యాకింగు అని కూడ అందురు. బిగించినపుడు అది నలిగి పల్లములలో సర్దుకొనును. ఒకసారి నలిగినది మరల పూర్వపు ఆకారమునకు రాదు. కావున విప్పిన గాస్కెట్టును తిరిగి వాడరాదు.

ఇది ఏల చెడును? అరమీటరు పొడవుగల పోత ఇనుప మానిఫోల్డు 500 డిగ్రీల సెంటీగ్రేడు మేర వేడెక్కినచో రెండున్నర మిల్లీమీటర్లకు పైగా సాగును. నీటితో చల్లబడుచుండు హెడ్డు అంతగా సాగదు. బండి నడచినపుడెల్ల ఈ సాగుట, ఆగినపుడెల్ల ముడుచుకొనుట జరుగుచుండును. నడుమ నలిగిపోవునది గాస్కెట్టే.

ఇన్‌లెట్ వైపు చెడినచో బయటిగాలి లోనికి చొరబడి మిశ్రమములో పెట్రోలు పాలు తగ్గును. బండి నిలిచియున్నపుడు ఇంజను నిలకడలేక కొట్టుకొనును. ఎగ్జాస్టు వైపు చెడినచో చల్లని ఇంజను 'టిక్కు టిక్కు'మనును. వేడెక్కిన పిదప లోహము సాగి సందు మూసికొనుటచే ఆ శబ్దము తగ్గవచ్చును. పాత అంబాసిడర్ కారు 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజనులో రెండు మానిఫోల్డులును ఒకే వైపున, ఒకే గాస్కెట్టుపై ఉండును. అది చెడినచో రెండు లక్షణములును కలసి కనిపింపవచ్చును.

శబ్దము తగ్గినదని ఊరకుండుట ప్రమాదము. కారిన వాయువులో కార్బన్ మోనాక్సైడు ఉండును. దీనికి రంగు లేదు, వాసన లేదు. ఇది రక్తములోని హీమోగ్లోబినుతో ఆక్సిజను కంటె 200 రెట్లకు పైగా గట్టిగా పెనవేసికొనును. బండిలో కూర్చున్నవారికి కారణము తెలియకయే తలనొప్పి, మగత కలుగును. మోతాదు మించినచో ప్రాణమే పోవును. అట్టి బండిని మూసిన షెడ్డులో ఎన్నడును నడుపరాదు.

గాస్కెట్టు మార్చుటకు ఇంజను పూర్తిగా చల్లారవలెను. ముందుగా బ్యాటరీ తీగ విప్పవలెను. తుప్పుపట్టిన నట్లకు తుప్పు వదలించు నూనె పట్టించి కొంతసేపు నాననిండు; తొందరపడి తిప్పినచో స్టడ్డు విరుగును. అంటుకొనియున్న పాత ముక్కలను హెడ్డుపై గీతలు పడకుండ గీకివేయవలెను. పాతబండ్ల గాస్కెట్లలో ఆస్బెస్టాసు ఉండవచ్చును. దాని దుమ్ము ఊపిరితిత్తులకు హానికరము. కావున వాటిని తడిపి తీయవలెనే గాని పొడిగా రుద్దరాదు. పిదప తిన్నని ఉక్కుబద్దను మానిఫోల్డు ముఖముపై ఆనించి చూడుడు. బద్ద క్రింద తయారీదారు చెప్పిన పరిమితికి మించి సందు కనిపించినచో మానిఫోల్డు వంగినదన్నమాట. దానిని సరిచేయింపక క్రొత్త గాస్కెట్టు వేసినను నిలువదు.

బిగించుట నడుమనుండి చివరలకు సాగవలెను. అన్నిటిని ఒకేమారు గాక రెండు మూడు విడతలుగా, తయారీదారు చెప్పిన కొలతకు టార్క్ రెంచితో బిగింపవలెను. చివరలు ముందు బిగిసినచో నడుమ ఉబ్బి సందు మిగులును. ఇంజను నడిపి చూచి, చల్లని స్థితిలో మరల ఒకసారి ఆలకించుడు. శబ్దము లేనిచో పని సఫలమైనట్లే.