కోళ్ళఫారాలకు బర్డ్ ఫ్లూ ముప్పు: రైతుల సర్వేలు వర్తకులకు చెబుతున్నదేమిటి?

గుడ్ల వర్తకానికి బర్డ్ ఫ్లూ కొత్త కాదు. మన దేశంలో కోళ్ళఫారాలలో ఈ వ్యాధి మొదటిసారిగా 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా నవాపూర్ వద్ద బయటపడింది. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలోను, 2025 ఫిబ్రవరిలో తూర్పు గోదావరి జిల్లా కానూరు అగ్రహారం, పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరు ప్రాంతాలలోను కనిపించింది. వ్యాధి సోకిన ప్రతిసారీ ఫారంలోకి అది ఎలా ప్రవేశించిందన్న ప్రశ్న వస్తుంది. వలస పక్షులు తెచ్చాయన్న సమాధానంతో చర్చ ముగియడం పరిపాటి. ఆ సమాధానం సగమే నిజమని ఫారం యజమానులను ప్రశ్నించి జరిపిన సర్వేలు చెబుతున్నాయి. మిగిలిన సగం ఫారం గేటు దాటి వచ్చే లారీలకు, మనుషులకు, సరంజామాకు సంబంధించినది. అందువల్ల ఇది రైతు వ్యవహారమే కాదు, వర్తకుని వ్యవహారం కూడా.

సర్వే జరిగే తీరు

ఈ సర్వేల పద్ధతి సులభమైనదే. వ్యాధి సోకిన ఫారాలను కొన్నింటిని, అదే ప్రాంతంలో వ్యాధి సోకని ఫారాలను కొన్నింటిని ఎంచుకుంటారు. రెండు వర్గాల యజమానులనూ ఒకే ప్రశ్నావళితో ప్రశ్నిస్తారు. వ్యాధి బయటపడడానికి ముందు రెండు వారాలలో ఫారంలోకి ఏయే వాహనాలు వచ్చాయి, ఎవరెవరు షెడ్డు లోపలికి వెళ్ళారు, చచ్చిన కోళ్ళను ఎక్కడ వేశారు, మేత నిల్వల వద్దకు అడవి పక్షులు చేరుతున్నాయా వంటి వివరాలు రాబడతారు.

ఉదాహరణకు, వ్యాధి సోకిన 30 ఫారాలలో 21 చోట్ల బయటి లారీ షెడ్డు దాకా వచ్చిందనీ, సోకని 30 ఫారాలలో 9 చోట్ల మాత్రమే వచ్చిందనీ అనుకుందాం. అప్పుడు లారీ రాకకు, వ్యాధికి సంబంధం ఉన్నదని అనుమానించవలసి వస్తుంది. అయితే పెద్ద ఫారానికి లారీలు ఎక్కువగా వస్తాయి, కోళ్ళూ ఎక్కువే ఉంటాయి. కాబట్టి ఒక్కొక్క అంశాన్ని విడదీసి లెక్క కట్టిన తర్వాతే నిర్ణయానికి వస్తారు.

అయోవాలో తేలిన విషయాలు

అమెరికాలో గుడ్ల ఉత్పత్తికి అయోవా రాష్ట్రం పెట్టింది పేరు. 2015లో ఆ దేశం మొత్తం మీద సుమారు 5 కోట్ల కోళ్ళు, టర్కీ కోళ్ళు ఈ వ్యాధి వల్ల నష్టం కాగా, అందులో 3 కోట్లకు పైగా ఒక్క అయోవాలోనివే. ఆ ఏడాది అయోవా, నెబ్రాస్కా రాష్ట్రాలలో వ్యాధి సోకిన 28 లేయర్ ఫారాలను, సోకని 31 ఫారాలను అమెరికా వ్యవసాయ శాఖ నిపుణులు పోల్చి చూశారు.

అప్పటికే వ్యాధి ఉన్న ఫారం చుట్టూ ప్రకటించిన నియంత్రణ మండలంలో ఉండడం అన్నిటికన్న పెద్ద ముప్పుగా తేలింది. అంటే పొరుగు ఫారం రోగం మన ఫారం రోగం కావడానికి ఎంతో కాలం పట్టదు. చచ్చిన కోళ్ళను కరిగించి కొవ్వు తీసే కర్మాగారాల లారీలు, చెత్త లారీలు షెడ్ల దగ్గరకు రావడం, చచ్చిన కోళ్ళను షెడ్ల సమీపంలోనే వేయడం, కంపెనీ సర్వీసు సిబ్బంది ఫారాలకు వచ్చిపోవడం తర్వాతి ముప్పులు. బయటివారు బట్టలు మార్చుకుని లోపలికి వెళ్ళిన చోట, షెడ్డు గుమ్మం ముందు గచ్చు చేసి మందునీళ్ళతో కడిగిన చోట వ్యాధి తక్కువగా కనిపించింది.

2022లో వ్యాధి మళ్ళీ వచ్చినపుడు గుడ్ల ఫారాలలో ఇటువంటి సర్వేనే మరొకటి జరిగింది. ఈసారి నీటి పక్షుల సంచారం, మేతను అడవి పక్షులు ముట్టడం కూడా ముప్పుల జాబితాలో చేరాయి. కాగా, ఫారానికి గేటు ఉండడం, లోపలికి వచ్చే లారీలను కడగడం, ఒక షెడ్డు పనివారిని ఆ షెడ్డుకే పరిమితం చేయడం, షెడ్లలోకి వెళ్ళే పనివారు బట్టలు మార్చుకోవడం రక్షణ ఇచ్చినట్లు వెల్లడయింది. పక్షి రోగాన్ని ఊరిదాకా తెచ్చినా, షెడ్డులోకి చేర్చే పని చాలాసార్లు మనిషిదేనని ఈ రెండు సర్వేల సారాంశం.

బంగ్లాదేశ్ పోలిక

అమెరికా ఫారాల తీరు వేరు, మన ఫారాల తీరు వేరు అనేవారికి బంగ్లాదేశ్ అనుభవం గమనింపదగినది. అక్కడ 2011లో వ్యాధి సోకిన లేయర్ ఫారాలపై జరిపిన పరిశీలనలో పనివారి సంఖ్య, పశువైద్యుల రాకపోకలు, నాటుకోళ్ళు ఫారంలో తిరగడం, ఫారం పనివారే కోళ్ళ వ్యాపారం కూడా చేయడం ముప్పులుగా తేలాయి. సంతకు వెళ్ళి వచ్చిన మనిషి అదే చెప్పులతో షెడ్డులో అడుగుపెడితే జరిగేది ఇదే.

ట్రేలు, లారీలు

గోదావరి జిల్లాల గుడ్లు ఒడిశా, పశ్చిమ బెంగాల్, అస్సాం తదితర రాష్ట్రాలకు వెళుతున్నాయి. ఒక్కో ట్రేకు 30 గుడ్లు, ఒక్కో పేటికి 210 గుడ్లు లెక్క. లారీ ఒక ఫారంలో కొంత సరుకు ఎత్తి, మిగిలినది మరొక ఫారంలో నింపుకోవడం వర్తకంలో మామూలే. ఖాళీ ట్రేలు ఏ ఫారం నుంచి వచ్చాయో చూడకుండా ఏదో ఒక ఫారానికి చేరడం కూడా మామూలే. ప్లాస్టిక్ ట్రేను కడగవచ్చు. అట్ట ట్రేను కడగడానికి వీలులేదు. రెట్ట అంటిన అట్ట ట్రే రెండవ ఫారం గుమ్మం ఎక్కిందంటే రోగానికి దారి దొరికినట్లే.

రెట్టలో ఈ వైరస్ 4 డిగ్రీల సెల్సియస్ చలిలో 35 రోజుల వరకు, 37 డిగ్రీల వేడిలో 6 రోజుల వరకు బతుకుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్నది. శీతకాలంలో ముప్పు పెరగడానికి వలస పక్షుల రాకతో పాటు ఇదీ ఒక కారణం. గుడ్లు మానిన ముసలి కోళ్ళను ఎత్తే వాహనాలు, ఎరువు లారీలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

ధరలపై ప్రభావం

బర్డ్ ఫ్లూ వల్ల ధర పెరుగుతుందా, తగ్గుతుందా అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. అయోవాలో లేయర్ల సంఖ్య ఒక్కసారిగా పడిపోవడంతో 2015లో గుడ్ల టోకు ధర కొద్ది వారాలలోనే రెట్టింపయింది. 2022 ఫిబ్రవరి నుంచి 2025 తొలి నెలల నాటికి అమెరికా 16 కోట్లకు పైగా పక్షులను కోల్పోయింది. 2025 మార్చిలో అక్కడ డజను గుడ్ల సగటు చిల్లర ధర 6.23 డాలర్లకు చేరింది.

మన దేశంలో ఇందుకు విరుద్ధంగా జరుగుతున్నది. ఇక్కడ కోళ్ళ సంఖ్య తగ్గక ముందే గిరాకీ తగ్గుతుంది. 2006లోను, 2025లోను వ్యాధి వార్త వెలువడగానే చికెన్ ధరలు దిగజారాయి. బాగా ఉడికిన గుడ్డు, మాంసంలో 70 డిగ్రీల వేడికే వైరస్ నశిస్తుందని చెప్పినా కొనుగోలుదారు వెంటనే తిరిగి రాడు. అక్కడ సరుకు లేక ధర పెరిగితే, ఇక్కడ కొనేవాడు లేక ధర తగ్గుతుంది. రెండు సందర్భాలలోను ముందుగా నష్టపోయేది సరుకు చేతిలో ఉన్నవాడే.

నష్టం ఎవరిది?

వ్యాధి నిర్ధారణ అయితే కిలోమీటరు పరిధిలోని కోళ్ళన్నిటినీ చంపి పూడ్చివేస్తారు. ఆపై 10 కిలోమీటర్ల వరకు నిఘా ఉంటుంది. ఆంక్షలతో కోళ్ళ, గుడ్ల రవాణాకు అడ్డంకులు ఏర్పడతాయి. చంపిన కోళ్ళకు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు చెరిసగం భరించి రైతుకు పరిహారం ఇస్తాయి. వ్యాధితో ముందే చచ్చిన కోళ్ళకు అది వర్తించదు. నిలిచిపోయిన సరుకుకు, రైతుకు ఇచ్చిన అడ్వాన్సుకు, దారిలో ఆగిపోయిన లారీ అద్దెకు వర్తకునికి దక్కేదేమీ లేదు. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ కోళ్ళ లారీలను తెలంగాణ సరిహద్దు చెక్‌పోస్టుల వద్ద నిలిపివేయడం ఇందుకు నిదర్శనం.

సర్వేలకు ఉన్న పరిమితి

ఇటువంటి సర్వేల బలమూ బలహీనతా రైతు చెప్పే జవాబులోనే ఉన్నాయి. కోళ్ళను పోగొట్టుకున్న రైతు ప్రతి చిన్న విషయాన్నీ గుర్తు చేసుకుంటాడు. నష్టపోని రైతుకు పది రోజుల కిందట వచ్చిన లారీ గుర్తుండదు. పరిహారానికి అడ్డు వస్తుందేమోనన్న భయంతో కొందరు నిజం దాచవచ్చు. చచ్చిన కోళ్ళను కాలువలో పడవేసిన సంగతి ఎవరూ కోరి చెప్పరు. నోటి మాట కన్న రాతపూర్వకమైన లెక్క మేలని నిపుణులు అనడం అందువల్లనే.

ఇందుకు పెద్ద ఖర్చు అవసరం లేదు. గేటు వద్ద ఒక పుస్తకం ఉంచి లారీ నంబరు, వచ్చిన తేదీ, అంతకుముందు అది ఆగిన ఫారం పేరు రాసుకుంటే చాలు. వ్యాధి వచ్చిన రోజున ఏ ఏ ఫారాలను ముందుగా పరీక్షించాలో ఆ పుస్తకమే చెబుతుంది. అనుమానం లేని ఫారాలు త్వరగా తేలితే, మార్కెట్ తిరిగి తెరుచుకోవడమూ సులువవుతుంది. లారీని గేటు బయట నిలపడం, చక్రాలకు మందునీళ్ళు కొట్టించడం, ఏ ఫారం ట్రేలను ఆ ఫారానికే పంపడం వర్తకుల చేతిలోని పనులే.

లారీ కడగడానికి పట్టే అరగంటను దండుగ కింద జమకట్టే వర్తకుడు, పది కిలోమీటర్ల పరిధిలో చిక్కుపడే తన సరుకు విలువను కూడా పక్కనే వేసి చూసుకోవడం మంచిది.